పాతబస్తీ రోడ్ల పోషణము: పంచాయతీలు గమనింపదగిన కొన్ని సంగతులు

గ్రామ పంచాయతీ సభ్యులు ఏదో పనిమీద హైదరాబాదు వచ్చినప్పుడు చార్మినారు చూడక తిరిగిపోవుట అరుదు. వచ్చినవారు మినారుల వంక తలయెత్తి చూతురు. లాడ్‌బజారులో గాజులు కొందురు. అంతలో బస్సు వేళయగును. తమ కాలిక్రింది బాటను పరీక్షించి చూచువారు మాత్రము తక్కువ. ఈ వ్యాసము ఆ బాటను గురించినది. నాలుగు వందల యేండ్లు పైబడిన ఒక బస్తీలో రోడ్లను ఎవరు చూచుచున్నారు, ఎట్లు చూచుచున్నారు, ఎక్కడెక్కడ చిక్కులు వచ్చుచున్నవి అను సంగతులు తెలిసికొన్నచో, మీ గ్రామములోని అర కిలోమీటరు సిమెంటు వీధికిని, పొలిమేర దాటిపోవు తారురోడ్డుకును పనికివచ్చు విషయములు కొన్ని దొరకును.

అంత పెద్ద నగరమునకును మా ఊరికిని పోలిక యేమని కొందరు అడుగవచ్చును. పోలిక రాజ్యాంగములోనే యున్నది. 1992లో ఆమోదింపబడిన 73వ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు మొదలగునవి. 74వ సవరణ వలన చేరిన పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంస్థలకు చెప్పిన 4వ విషయము కూడ రోడ్లు, వంతెనలే. బాధ్యత యొక్కటే, విస్తీర్ణములోనే భేదము. వానయు, చక్రమును, కంకరయు రెండుచోట్లను ఒక్కటే.

బస్తీ పుట్టుకయే కూడలి

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరమును నెలకొల్పినప్పుడు మొదట నిర్ణయించినది నాలుగు బాటల కూడలిని. ఆ కూడలిలో చార్మినారు లేచినది. గోలకొండ నుండి మచిలీపట్నము రేవునకు పోవు వర్తకపు బాట ఈ ప్రక్కగానే సాగెడిది. నగరము పుట్టుటకు ముందే, 1578లో, మూసీనదిపై పురానాపూల్ వంతెన కట్టబడినది. అనగా ముందు వంతెన, తరువాత బాట, ఆపైని బస్తీ. నేడు మనము సాధారణముగా చేయునది దీనికి తలక్రిందులు: ముందు ఇండ్లు కట్టుకొని, పిదప బాటకు చోటెక్కడనని వెదకుదుము.

పురపాలన వ్యవస్థ ఇచ్చట 1869లో, మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న కాలమున, ఆరంభమయినది. కాని రోడ్ల విషయమున పెద్ద మార్పు తెచ్చినది ఒక విపత్తు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనమును పొట్టనబెట్టుకొన్నది. నదిపై వంతెనలు దెబ్బతిన్నవి. శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, వారి సలహాలపై వరద నివారణకై ఉస్మాన్‌సాగరు (1920), హిమాయత్‌సాగరు (1927) కట్టిరి. 1912లో నగరాభివృద్ధి సంఘమును ఏర్పరచిరి. ఇరుకు గల్లీలను వెడల్పు చేయుట, మురుగు పారు మార్గములు తీర్చుట, ఇండ్లు పోయినవారికి వేరే ఇండ్లు చూపుట ఆ సంఘము పనులు. చార్మినారు నుండి నయాపూల్ వైపు పోవునప్పుడు రెండు ప్రక్కల తీరుగా నిలిచిన పత్థర్‌గట్టి రాతి దుకాణములు ఆ సంఘము చేసిన పనియే. వరండాలతో కట్టబడిన ఆ వరుసలలో పాదచారి ఎండ వాన తగులక నడచిపోవచ్చును. రోడ్డనగా బండ్లు పోవు నడిమిభాగము మాత్రమే కాదనియు, మోరీయు, కాలిబాటయు, దుకాణపు అరుగును కలిసియే రోడ్డగుననియు గ్రహించినవారు చేసిన పని యది.

1960లో హైదరాబాదు, సికిందరాబాదు కార్పొరేషనులు ఏకమయినవి. 2007 ఏప్రిల్ 16న చుట్టుప్రక్కల 12 మునిసిపాలిటీలను కలుపుకొని గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ యేర్పడినది. అటుపిమ్మట ఆ సంస్థ అధీనములోనికి వచ్చిన రోడ్ల పొడవు సుమారు తొమ్మిదివేల కిలోమీటర్లు.

ఒక్క రోడ్డు, పలువురు యజమానులు

పాతబస్తీలో ఒక గల్లీ యందు నిలుచుండి క్రిందికి, మీదికి చూడుడు. పైపూత నగరపాలక సంస్థది. దాని క్రింద మంచినీటి గొట్టము, మురుగు గొట్టము 1989లో ఏర్పడిన జలమండలివి. ప్రక్కన విద్యుత్తు కేబులు మరియొక సంస్థది. టెలిఫోను, ఇంటర్నెట్టు తీగలు వేరే కంపెనీలవి. పైని బండ్లు నడుపుట, ఆపుట ట్రాఫిక్ పోలీసుల పని. చార్మినారు చెంతనైనచో పురావస్తు శాఖ అనుమతి కూడ వలయును. వీరందరును తమ తమ పనికి సక్రమముగా వచ్చినవారే. కాని ఒకరు రోడ్డు వేసి పోయిన నెలకు మరియొకరు గునపముతో వచ్చినచో, పోయినది ప్రజల డబ్బు.

మీ గ్రామములందును ఈ అనుభవము కలదు. తెలంగాణలో 2016 నుండి మిషన్ భగీరథ గొట్టములు ఇంటింటికి వేయునప్పుడు ఎన్నో సిమెంటు వీధులు కోయవలసి వచ్చినది. నీళ్లు రావలసినవే, ఆ పని ఆగరాదు. కాని కోసిన చాలును ఎట్లు పూడ్చితిమన్న దానిపై ఆ వీధి ఆయుస్సు ఆధారపడి యున్నది.

ఈ విషయమును కొంచెము విపులముగా చెప్పవలెను. చాలు త్రవ్వి గొట్టము వేసిన పిమ్మట తీసిన మట్టినే ఒక్కసారిగా లోపలికి త్రోసి, పైని నాలుగు తట్టల కాంక్రీటు పోసినచో, చూచుటకు ఆ దినము బాగుగనే యుండును. లోపల మట్టి గుల్లగా నుండును. మొదటి వానకు నీరు దిగి మట్టి కుంగును. పైపూత క్రింద ఖాళీ యేర్పడును. బరువు బండి పోగానే పూత పగులును. కుంగిన చాలులో నీరు నిలిచి, రెండు ప్రక్కల నున్న మంచి రోడ్డు పునాదిని గూడ మెత్తబరచును. ఆ విధముగా రెండడుగుల చాలు రెండేండ్లలో వీధి మొత్తమును చెరచును. సరియయిన పద్ధతి వేరు. మట్టిని 15 నుండి 20 సెంటీమీటర్ల మందము గల పొరలుగా వేసి, ఒక్కొక్క పొరను తడిపి దిమ్మిసతో గాని యంత్రముతో గాని గట్టిపరచవలెను. అంచులను రంపపు యంత్రముతో తిన్నగా కోసియుండవలెను. ఆ పిమ్మటనే కంకర, పైపూత.

నగరములో రోడ్డు కోయదలచిన సంస్థ ముందుగా అనుమతి పొంది, పునరుద్ధరణకగు ఖర్చును కట్టవలెనన్న నియమము కలదు. వానకాలములో తప్పనిసరి పనులకు దక్క రోడ్డు కోతలను నిలిపివేయుటయు ఏటేట జరుగుచున్నదే. పంచాయతీలు సైతము ఈ నియమమును తీర్మానము చేసికొని అమలుపరుపవచ్చును. ఇంటికి నల్లా కావలసినవాడు, పొలమునకు పైపు దాటింపదలచినవాడు ముందు పంచాయతీ కార్యాలయములో చెప్పవలెను; కొంత సొమ్ము ధరావతుగా కట్టవలెను; పూడ్చినపిదప ఒక వానకాలము గడచి, చాలు కుంగలేదని సభ్యులు చూచిన తరువాతనే ఆ సొమ్ము తిరిగి ఈయవలెను. తారురోడ్డు రోడ్లు భవనముల శాఖదో, పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖదో అయినచో ఆ శాఖ అనుమతి వలయునని రైతునకు ముందే తెలియజెప్పుట మంచిది.

నీరే మొదటి శత్రువు

రోడ్డును చక్రము చెరచునని మనమందరము తలంతుము. సగము నిజము. చక్రమునకు త్రోవ చూపునది నీరు. తారు, కంకర ఒకదానినొకటి పట్టుకొని యున్నంత కాలము రోడ్డు గట్టిగా నుండును. నీరు నిలిచినచోట తారు కంకరను విడిచిపెట్టును. విడిచిన కంకర చక్రముల క్రింద చెదరిపోవును. చిన్న గుంట యేర్పడును. గుంటలో మరింత నీరు నిలుచును. పగుళ్ల నుండి దిగిన నీరు పునాదిమట్టిని బురద చేయును. చక్రము పైనుండి నొక్కినప్పుడెల్ల ఆ బురద పగులు గుండ పైకి చిమ్మును. దానిని చూచిన ఇంజనీరు పైపూత వేయుడని చెప్పడు. లోపలినుండి త్రవ్వి కట్టవలెననును.

కావుననే రోడ్డు నడుమ తాబేటివీపువలె కొంచెము ఎత్తుగా నుండవలెనన్న నియమము. తారురోడ్డుకు 40 అడుగులకు గాని, 50 అడుగులకు గాని ఒక అడుగు వంతున వాలు ఉంచెదరు. పల్లెలకు వేయు 3.75 మీటర్ల వెడల్పు గల రోడ్డు నడుమభాగము అంచులకంటె సుమారు నాలుగు సెంటీమీటర్లు ఎత్తుగా నుండునన్నమాట. దీనిని పరీక్షించుటకు పరికరములు అక్కరలేదు. రోడ్డు నడుమ ఒక బిందెడు నీళ్లు కుమ్మరించినచో, అవి రెండు ప్రక్కలకు పారిపోవలెను. నిలిచినచో, బిల్లుపై సంతకము చేయుటకు ముందే ప్రశ్నింపవలెను. అంచు దాటిన నీటికి ప్రక్కమట్టి అడ్డు పడరాదు. గడ్డి, మట్టి పేరుకొని రోడ్డుకంటె బర్మే ఎత్తయిన ఊళ్లు ఎన్నియో కలవు. అట్టిచోట రోడ్డే కాలువ యగును.

పాతబస్తీకి ఈ పాఠమును 2020 అక్టోబరు మరల నేర్పినది. ఆ నెల 13వ తేదీన కురిసిన వానకు బేగంపేట వాతావరణ కేంద్రమున ఒక్క దినములో 19 సెంటీమీటర్లకు పైగా నమోదయినది. పల్లెచెరువు పొంగి అల్‌జుబేల్ కాలనీ మునిగినది. కొలది దినములకే గుఱ్ఱంచెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగరు వీధులలో నీరు ఏరులై పారినది. ఒకదాని క్రింద ఒకటిగా, అలుగు నుండి అలుగునకు నీరు పోవునట్లు పూర్వులు కట్టిన గొలుసు చెరువులవి. నడుమనున్న నాలాలు ఇరుకయినపుడు, పారవలసిన నీరు రోడ్లను ఆశ్రయించినది. 2021లో నగరములో నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమమును చేపట్టిరి. రోడ్డు ఇంజనీరు ఎంత సమర్థుడయినను, పైనున్న చెరువు అలుగు ఎటు పారునో చూడక వేసిన రోడ్డు నిలువదు. మీ చెరువు వెనుక వాగును పూడ్చి ఎవరయినను ప్లాట్లు వేయుచున్నచో, అది రోడ్డు సమస్య గూడనని గుర్తింపుడు.

ఇంకొక సంగతి పాతబస్తీ గల్లీలలో స్పష్టముగా కన్పట్టును. పాత పూతను తీయక దానిమీదనే కొత్త పూత, దానిమీద మరియొక పూత వేయుచు పోవుటచే వీధి మట్టము పెరిగి, ఇండ్ల గడపలు క్రిందికి దిగినట్లగును. నేను ఒక గల్లీలో నడచుచు చూచితిని: ఒకనాడు మూడు మెట్లెక్కి పోవలసిన పాత ఇంటిలోనికి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోవలసియున్నది. వాన వచ్చినచో ఆ యింటివారి గతి యేమో ఊహింపవచ్చును. మేజరు రోడ్లపై పాత పూతను యంత్రముతో గీకి తీసి, అదే మట్టమునకు కొత్తది వేయు పద్ధతి వచ్చినది. యంత్రము చొరని గల్లీలలోను, మన పల్లెవీధులలోను పాత కాంక్రీటు మీదనే కొత్త కాంక్రీటు వేయుచున్నారు. అంచనా తయారగునప్పుడే వీధిలోని మిక్కిలి పల్లపు గడప ఎంత యెత్తున నున్నదో కొలిపించి వ్రాయింపుడు. ఇందుకు ఒక టేపును, అరపూట కాలమును చాలును.

గుంట పూడ్చుట యొక పని

గుంటలో ఇంత కంకరయు తారును వేసి పారతో తట్టి పోవుట పూడ్చుట కాదు. ముందు గుంట చుట్టును చెదరిన భాగమంతయు కలిసివచ్చునట్లు చతురస్రముగా గీత గీసి, అంచులు నిలువుగా కోయవలెను. లోపలి నీరు, దుమ్ము, వదులు కంకర తీసివేయవలెను. అడుగునకును ప్రక్కలకును పలుచగా తారు పూయవలెను. ఆపైని వేడి మిశ్రమమును పొరలుగా నింపి రోలరుతో గట్టిపరుపవలెను. పూడ్చిన భాగము చుట్టు రోడ్డుకంటె వెంట్రుకవాసి ఎత్తుగా నుండినను పరవాలేదు. బండ్లు దానిని సర్దును. పల్లముగా మాత్రము నుండరాదు.

తారు మిశ్రమము ప్లాంటు నుండి సుమారు 150 డిగ్రీల వేడితో బయలుదేరును. అది చల్లారకముందే రోలరు పని ముగియవలెను. చల్లారిన మిశ్రమము ఎంత త్రొక్కినను అతుకదు. పాతబస్తీలో లారీ బజారు సందడిలో చిక్కుకొన్నచో మిశ్రమము లారీలోనే చల్లబడును. అందుచేత ఇచ్చట పూతపనులను రాత్రివేళ చేయుదురు. రంజాను నెలలో చార్మినారు బజారు రాత్రియంతయు తెరిచియుండును గనుక అప్పుడు రాత్రి పనియు సాగదు. ఇంజనీరు పంచాంగమును, హిజ్రీ క్యాలెండరును రెంటిని ముందుంచుకొని పని ముహూర్తము నిర్ణయించుకొనవలసినదే. ఆషాఢములో లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి బోనాలు. మొహర్రములో దబీర్‌పురా నుండి బయలుదేరు బీబీకా ఆలము ఊరేగింపు. భాద్రపదములో బాలాపూరు నుండి చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినారుల మీదుగా సాగు వినాయక నిమజ్జన శోభాయాత్ర. ఈ మూడింటికి ముందు ఆయా త్రోవలలోని గుంటలు పూడియుండవలెను. మీ ఊరి జాతరకు, తేరుకు ముందు వీధులు బాగుచేసికొనుట వంటిదే యిది. జాతర త్రోవ బాగుపడుట మంచిదే. జాతర పోని వీధి గుంట మరుసటి యేడు వరకు మిగిలిపోవుట మంచిది కాదు.

ఐదేండ్ల ఒడంబడిక

పూర్వపు పద్ధతిలో రోడ్డు చెడినప్పుడు అంచనా వేసి, టెండరు పిలిచి, పనియప్పగింతురు. ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క కాగితము. కాగితము కదలునంతలో గుంట పెద్దదగును. దీనికి మార్గాంతరముగా 2019 చివర నగరపాలక సంస్థ సమగ్ర రోడ్ల నిర్వహణ కార్యక్రమమను పథకమును చేపట్టినది. 709 కిలోమీటర్ల ప్రధానరోడ్లను ఏడు భాగములుగా చేసి, సుమారు రూ. 1,839 కోట్ల వ్యయముతో, ఐదేండ్లపాటు నిర్వహించు భారమును ప్రయివేటు సంస్థలకు అప్పగించినది. చార్మినారు జోను రోడ్లును అందులో చేరియున్నవి. కొత్త పూత వేయుట మాత్రమే కాదు. గుంటలు పూడ్చుట, కాలిబాటలు బాగుచేయుట, గీతలు వేయుట, ఊడ్చుట గూడ ఆ సంస్థల బాధ్యతయే.

ఈ ఒడంబడికలోని కీలకము గమనింపదగినది. ఎన్ని గుంటలు పూడ్చినచో అంత డబ్బు అన్నప్పుడు, గుంటలు పడుట కంట్రాక్టరుకు లాభము. ఐదేండ్లు రోడ్డు బాగుగా నుంచినచో ఇంత డబ్బు అన్నప్పుడు, గుంట పడకుండుటయే లాభము. అయితే అధికారుల తనిఖీ సడలినచో ఏ ఒడంబడికయు రోడ్డును కాపాడలేదు. పైగా 709 కిలోమీటర్లనగా మొత్తము రోడ్లలో పదమూడవ వంతు మాత్రమే. రద్దీ అధికముగా నుండు రోడ్లను ముందు ఎన్నుకొనుట న్యాయమే. కాని గల్లీలో నుండు ముసలమ్మకు ఆస్పత్రికి పోవు త్రోవలో మొదటి రెండు వందల గజములే కష్టము. ఆ గల్లీలు ఎప్పటివలె కార్పొరేషను ఇంజనీర్ల చేతిలోనే యుండినవి. ఆ ఐదేండ్ల గడువు 2020 ఆరంభము నుండి లెక్కింపగా 2024తో ముగింపునకు వచ్చినది.

లెక్క చూచినచో కిలోమీటరుకు ఐదేండ్లకు సుమారు రెండుకోట్ల అరువదిలక్షలు. ఏడాదికి అన్ని రోడ్లకు కలిపి రూ. 368 కోట్లు. దీని ప్రక్కన మరియొక అంకెను ఉంచి చూడుడు. ఆరాంఘరు నుండి జంతుప్రదర్శనశాల వరకు కట్టి 2025 జనవరి 6న ప్రారంభించిన నాలుగు కిలోమీటర్ల పై వంతెనకు అయిన వ్యయము సుమారు రూ. 799 కోట్లు. అనగా 709 కిలోమీటర్ల రెండేండ్ల నిర్వహణ ఖర్చుకంటె అధికము. ఆ పై వంతెన అక్కరలేదని కాదు. బెంగుళూరు రోడ్డు నుండి నగరములోనికి వచ్చువారి కష్టములు దానివలన తగ్గినవి. 2022లో బహదూరుపురా, చాంద్రాయణగుట్ట పై వంతెనలు వచ్చినప్పుడును పాతబస్తీవారు సంతసించిరి. నేను చెప్పవచ్చినది వేరు. వంతెనకు శంకుస్థాపన యుండును, ప్రారంభోత్సవముండును, మా శాఖవారు ఫోటోలు తీయుదురు. గుంట పూడ్చినందుకు పూలదండ వేసినవారిని ఇరువదియేండ్ల నా ఉద్యోగములో నేను చూడలేదు. అందుచేతనే బడ్జెటులో కొరత వచ్చినప్పుడు మొదట తరుగునది నిర్వహణపు పద్దు. పంచాయతీ బడ్జెటులోను ఇంతే.

పల్లెలకు ఈ ఐదేండ్ల పద్ధతి కొత్తది కాదు. 2000 డిసెంబరు 25న ఆరంభమయిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు, వేసిన కంట్రాక్టరే ఐదేండ్లు పోషణ చూడవలెనను షరతు కలదు. ఆ రోడ్డు మొదట నిలిపిన బోర్డుపై పొడవు, వ్యయము, పూర్తయిన తేదీ వ్రాసియుండును. మీ ఊరి బోర్డు చదివి, ఐదేండ్లు ఎప్పుడు తీరునో లెక్కవేయుడు. తీరుటకు ఆరు నెలల ముందుగా ఇంజనీరును పిలిచి రోడ్డంతయు నడచి చూచి, లోపములు వ్రాసి యిచ్చినచో, బాగుచేయుట కంట్రాక్టరు వంతు. గడువు తీరిన మరునాడు చెప్పినచో ఖర్చు ప్రభుత్వము వంతు.

బరువు లెక్క

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున 1958 నుండి 1960 వరకు ఒక పెద్ద ప్రయోగము జరిగినది. ప్రత్యేకముగా వేసిన రోడ్లపై వివిధ బరువుల లారీలను రాత్రింబవళ్లు త్రిప్పి, ఏ బరువునకు రోడ్డు ఎంత చెడునో కొలిచిరి. తేలినదేమనగా, ఇరుసుపై భారము రెట్టింపయినచో రోడ్డుకు కలుగు నష్టము రెట్టింపు కాదు. సుమారు పదునారు రెట్లు. 2018లో మన దేశమున నాలుగు టైర్ల ఒంటి ఇరుసు భారపు పరిమితిని 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు పెంచిరి. పెరిగినది ఎనిమిదవ వంతే. ఆ లెక్కన నష్టము మాత్రము ఒకటిన్నర రెట్లు దాటును. పల్లె రోడ్డుపై ఇసుక లారీ అధికభారముతో పోయినచో నూరు ఎడ్లబండ్లు చేయని చెరుపును అది చేయును. దమ్ము చేసిన ట్రాక్టరు ఇనుప కేజ్‌వీల్స్ ఊడదీయక తారురోడ్డెక్కుట అంతకంటె దారుణము. రబ్బరు టైరు బరువును పరచును. ఇనుప పట్టీ కోయును. చక్రములు విప్పి బిగించుటకు రైతునకు గంట పట్టును, నిజమే. ఊరి చెరువు క్రింది మళ్లకు రోడ్డు దాటవలసిన చోట్లను గుర్తించి, అచ్చట కంకర ర్యాంపు వేయించినచో ఆ గంటయు మిగులును, రోడ్డును మిగులును. జరిమానాకంటె ఇది మేలని నా అభిప్రాయము.

వెడల్పు చేయుట, జనమును కదల్చుట

పోషణకంటె కష్టమయినది విస్తరణ. చార్మినారు చుట్టు బండ్ల పొగయు అదురును కట్టడమునకు హాని చేయుచుండుటచే, బండ్లను ప్రక్కత్రోవలకు మళ్లించి, చుట్టును రాతిపలకలు పరచి, పాదచారులకే విడిచిపెట్టు పథకమును 2000 తరువాత చేపట్టిరి. బండ్లు మళ్లవలెనన్నచో ప్రక్కత్రోవలు వెడల్పు కావలెను. అందుకు ఇండ్లు, దుకాణములు పోవలెను. ఆ పని కొలిక్కి వచ్చుటకు ఏండ్లు పట్టినది. తోపుడుబండ్లపై బ్రతుకువారి ప్రశ్న దానికి తోడు. వారిని తొలగించినచో బాట విశాలమగును గాని బజారు చచ్చును.

2024 మార్చి 8న శంకుస్థాపన జరిగిన పాతబస్తీ మెట్రో మార్గము దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా చాంద్రాయణగుట్ట వరకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు. దానితోపాటు ఆ రోడ్డును నూరడుగులకు వెడల్పు చేయుట నిర్ణయమయినది. సుమారు 1,100 ఆస్తులకు సంబంధించిన పని యది. చదరపు గజమునకు రూ. 81,000 చొప్పున పరిహారము నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కులు ఇచ్చుట మొదలుపెట్టిరి. మసీదులు, ఆషుర్‌ఖానాలు, గుడులు తొలగింపక, స్తంభముల స్థానమును మార్చి కాపాడుదుమని అధికారులు ప్రకటించిరి. పరిహారము ధర నిశ్చయమై, కాగితములు సరిగానున్న యజమానికి సొమ్ము చేతికి అందిన పిమ్మట గోడ కూల్చుట వేరు. గోడ కూల్చి తరువాత ఆఫీసు చుట్టును త్రిప్పుట వేరు. గ్రామములలో వీధి వెడల్పు చేయునప్పుడు ఇచ్చునది సాధారణముగా మూడడుగుల అరుగో, పశువుల కొట్టపు మూలయో. పరిహారముండదు, పదిమంది మాటపై ఇత్తురు. కావున కొలతలు ఇరుప్రక్కలను సమానముగా నుండవలెను. గ్రామసభలో నక్ష పరచి, ఎవరి యరుగు ఎంత పోవునో చదివి వినిపించి, వ్రాతపూర్వకముగా అంగీకారము తీసికొనవలెను. సర్పంచి బంధువు అరుగు నిలిచి, ఎదుటివాని యరుగు పోయిన వీధి తారు వేసినను బాగుపడదు.

వేసవిలో చేయవలసిన పని

నగరపాలక సంస్థ యందు ప్రతి రోడ్డుకును పేరు, పొడవు, వెడల్పు, ఏ రకపు పూత, ఎప్పుడు వేసినది, క్రింద ఏ గొట్టము ఉన్నది అను వివరములు వ్రాసి యుంచుట నిర్వహణకు పునాది. తొమ్మిదివేల కిలోమీటర్లకు కంప్యూటరు కావలెను. మీ ఊరి నాలుగు కిలోమీటర్లకు ఒక రిజిష్టరు చాలును. వీధికొక పుట. మొదటి పుటలో చేతితో గీసిన ఊరి పటము. అందు వీధులు, మోరీలు, తూములు, నీటి గొట్టములు పోవు జాడ. ప్రతి రోడ్డు కోతయు తేదీతో అందులో ఎక్కవలెను. సిమెంటు వీధి వేసినచో ఏ తేదీన పోసినది, ఎన్ని దినములు నీరు కట్టినది వ్రాయవలెను. చిన్న మట్టిగట్లు కట్టి నీరు నిలుపక, 28 దినములు గడువకముందే ట్రాక్టరు పోనిచ్చిన వీధి ఏ పుటలోనిదో రెండేండ్ల తరువాత ఆ రిజిష్టరే చెప్పును.

మే నెలలో, తొలకరికి ముందు, వార్డు సభ్యులందరు ఒక ఉదయము ఆ పుస్తకము పట్టుకొని ఊరంతయు నడువవలెను. తూములలో చెత్త, బర్ములపై పేరిన మట్టి, రోడ్డు అంచున విరిగిన చోట్లు, వేలు దూరునంత పగుళ్లు గుర్తించి వ్రాసికొనవలెను. పగులు వేలంత యున్నప్పుడు తారు పోసి మూయుటకు కొలది వందల రూపాయలు చాలును. ఆ నెల దాటినచో పని మరల దసరా తరువాతనే.